అప్‌డేట్: నాన్న లారీ ఇప్పుడు ఆగడం లేదు

చిత్తూరులో మా ఇంటి వెనక షెడ్డులో బాగు చేస్తున్న పాత టాటా 1210 లారీ స్టార్టయిన పది నిమిషాలకే ఆగిపోతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పంపు విప్పొద్దు, ముందు డీజిల్ లైన్లో గాలి ఉందేమో చూడమని మీరన్నారు. అదే నిజమైంది.

ఫిల్టర్ మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే డీజిల్ నురగలా వచ్చింది, ఎంత కొట్టినా బుడగలు తగ్గలేదు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు వచ్చే పైపు జాయింటులో రాగి వాషరు మీద వెంట్రుకంత గీత. అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే నా కంట పడలేదు.

కొత్త వాషర్లు వేసి గాలి తీశాక, నిన్న గంటసేపు ఆగకుండా నడిచింది. ఈ బండిలోనే మా నాన్న మామిడికాయలు మద్రాసుకు తోలేవారు. చప్పుడు వినగానే వచ్చి, బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

ఇంక బ్రేకుల పని. అందరికీ చాలా థాంక్స్.