మొదటిసారి యూనివర్సల్ స్టూడియోస్ సింగపూర్: అవ్వ, ఇద్దరు పిలకాయలతో ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న – తిరుపతి, కొర్లగుంట నుంచి

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో సింగపూర్ పోదామనుకుంటున్నాం. నేను, నా భార్య, మా అమ్మ (64 ఏళ్ళు), పాప (9), బాబు (5). ఇంట్లో ఎవరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు, ఇక థీమ్ పార్కు సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలు అడిగేది ఒక్కటే, సెంటోసా దీవిలో ఉండే యూనివర్సల్ స్టూడియోస్. ట్రావెల్స్ ఆయన "ఎక్స్‌ప్రెస్ పాస్ లేకపోతే లైన్లలోనే రోజు గడిచిపోతుంది సార్" అని ఒకటే టెన్షన్ పెడుతున్నాడు. లైను తగ్గించడానికి విడిగా కొనే ఆ పాస్ నిజంగా కావాలా? అమ్మ శాకాహారి, మోకాళ్ళ నొప్పులు కూడా. ఏ నెలలో పోతే మేలు? ఒక్క రోజు చాలా? పాస్‌పోర్టులు ఇంకా తీయలేదు.

జవాబు – చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి

అన్నా, ఎక్స్‌ప్రెస్ పాస్ మాట తర్వాత చూద్దాం. ముందు పిలకాయల ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి ఇక్కడ పెట్టండి. అక్కడ టికెట్టు వయసును బట్టి ఇస్తారు, రైడు మాత్రం ఎత్తును బట్టే. 4 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకు పిల్లల టికెట్టు, 60 దాటితే సీనియర్ టికెట్టు, నాలుగేళ్ళ లోపు వాళ్ళకు టికెట్టే అక్కర్లేదు. కానీ రైడు గేటు దగ్గర వయసు ఎవరూ అడగరు. గుర్తు గీసిన కర్ర పక్కన నిలబెడతారు, తల దానికి అందకపోతే ఎంత ఏడ్చినా పంపరు. వాదించి లాభం లేదు.

లెక్క ఇట్లా ఉంటుంది. పిట్టల్లాగా గాల్లో వేలాడుతూ పోయే కానపీ ఫ్లయర్‌కు 92 సెంటీమీటర్లు చాలు. బూట్లేసుకున్న పిల్లి రైడుకు 100. అందరూ ఎగబడే ట్రాన్స్‌ఫార్మర్స్‌కు 102. నీళ్ళలో గుండ్రటి పడవ మీద పోయే జురాసిక్ పార్క్ రాపిడ్స్‌కు 107. చీకట్లో దూసుకుపోయే మమ్మీ కోస్టర్‌కు 122. బ్యాటిల్‌స్టార్ గలాక్టికా అని జంట రోలర్ కోస్టర్లున్నాయి, వాటికి 125. చిన్నవాటిలో చాలావరకు 122 లోపు పిల్లల పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాల్సిందే. బయల్దేరే వారం పార్కు సైట్లో ఇవన్నీ ఇంకోసారి సరిచూసుకోండి. మరమ్మతుకు ఏ రైడు మూశారో కూడా అక్కడే పెడతారు.

కొలిచేటప్పుడు చెప్పులు తీయించి, మడమలు గోడకు ఆనించి, తలమీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి, దాని అడుగున పెన్సిలుతో గీత గీయండి. అదీ సాయంత్రం పూట. పొద్దున నిద్ర లేవగానే ఎవరైనా కాస్త పొడుగే ఉంటారు, మధ్యాహ్నానికి ఆ పొడుగు తగ్గిపోతుంది. మీ బాబు 102కు అటూ ఇటూగా ఉంటే ఈ కొద్ది తేడాయే కొంప ముంచుతుంది.

జవాబు – రేణిగుంట నుంచి

అంత ఖర్చు పెట్టుకుని సింగపూర్ ఎందుకన్నా? బెంగళూరు దాటినాక బిడదిలో వండర్‌లా పార్కు ఉంది కదా. తెల్లారుజామున కారేసుకుని బయల్దేరితే సరిపాయె. వీసా లేదు, డాలర్లు లేవు.

జవాబు – చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి

మీ మాటా నిజమే. నీళ్ళల్లో ఆడి రావాలంటే బిడదే మేలు. కానీ ఈయన పిల్లలు అడిగేది సినిమా సెట్ల మధ్య తిరగడం, అది వేరే సరదా. పాస్‌పోర్టులు చేతికొచ్చేలోపు ఒక ఆదివారం వండర్‌లాకు పోయి రండి, అన్నా. బాబు పెద్ద రైడు చూసి ఉత్సాహపడతాడో, నడుము పట్టుకుని వదలడో అక్కడే తెలిసిపోతుంది.

జవాబు – తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి

కాగితాల గురించి నేను చెప్తాను, నిరుడే ఈ తతంగమంతా చేశాం. పాస్‌పోర్టు సేవా కేంద్రం మన తిరుపతిలోనే ఉంది. పిల్లల దరఖాస్తుకు అనుబంధం 'డి' అనే సమ్మతి పత్రం మీద తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం పెట్టాలి. మామూలు పద్ధతిలో పెద్దలకు ₹1,500, పిల్లలకు ₹1,000. కొత్తగా తీసేటప్పుడు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు, 60 దాటినవాళ్ళకు పది శాతం తగ్గిస్తారు, అంటే మీ బాబుకూ అమ్మగారికీ వర్తిస్తుంది. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే ఇస్తారు. ఆధార్‌లో, పుట్టిన సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందా చూసుకోండి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉంటే కౌంటరు దగ్గర ఆపేస్తారు. మన ఇళ్ళల్లో చాలామందికి వచ్చే తలనొప్పి ఇదే.

సింగపూర్ వీసాకు గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారానే పోవాలి, లేదంటే అక్కడ ఉంటున్న మనవాళ్ళెవరైనా పెట్టాలి. ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు, ఏజెంటు చార్జీ దానిమీద. ఇవి కాక అరైవల్ కార్డు ఒకటుంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు వాళ్ళ ఇమిగ్రేషన్ సైట్లో మనమే నింపుకోవచ్చు, పూర్తిగా ఉచితం. పిల్లలకూ విడిగా నింపాలి. మాకు ఒకాయన దీనికి మనిషికి వెయ్యి అడిగాడు! పది నిమిషాల పని, సెల్‌ఫోన్లోనే అయిపోతుంది.

రేణిగుంట నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం లేదు, చెన్నై పోవడమే దగ్గర. అక్కడి నుంచి నాలుగున్నర గంటలు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. రాత్రి విమానం తీసుకుంటే తెల్లవారి దిగుతారు. ఆ రోజే పార్కు పెట్టుకోకండి, పిల్లలు తూలిపోతారు.

జవాబు – చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి

నెల విషయం. మన బడులకు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. సింగపూర్ బడులకు జూన్‌లో సెలవులు, మే చివరి శనివారానికే జనం మొదలవుతారు. అందుకని ఏప్రిల్ ఆఖరు నుంచి మే మూడో వారం లోపల మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి చూసుకోండి. మే 1, వాళ్ళ వెసాక్ డే (అక్కడి బుద్ధ పూర్ణిమ) సెలవులు, వాటిని వదిలేయండి. టికెట్టు తారీఖుతో ఆన్‌లైన్లో ముందే కొనుక్కోవాలి. పెద్దవాళ్ళకు 80 డాలర్ల పైమాటే, రోజును బట్టి మారుతుంది.

ఇక ఎక్స్‌ప్రెస్ పాస్. మన ఊరోళ్ళకు ఒక్క ముక్కలో చెప్పాలంటే అది మూడొందల రూపాయల దర్శనం టికెట్టు లాంటిది. లైను ఉండదని కాదు, చిన్న లైను. రద్దీ రోజుల్లో దాని ధర ప్రవేశ టికెట్టును కూడా మించిపోతుంది. మీ ఐదుగురిలో అమ్మగారు పెద్ద రైడ్లు ఎక్కరు, బాబు సగం ఎక్కలేడు. అందరికీ కొంటే డబ్బులు నీళ్ళలో పోసినట్టే. వారం మధ్యలో పోయేటట్టయితే ఊరికే వదిలేయండి. లోపలికి పోయాక లైన్లు మరీ జాస్తిగా ఉంటే, పాసులు మిగిలి ఉన్నప్పుడు అక్కడికక్కడే అమ్ముతారు, అప్పుడు పాపకూ మీకూ మాత్రం తీసుకోవచ్చు.

పైసా ఖర్చు లేని ఉపాయాలు రెండున్నాయి. పెద్ద రైడు దగ్గర 'చైల్డ్ స్వాప్' అని అడగండి. మీరు పాపతో ఎక్కుతారు, మీ ఆవిడ బాబుతో పక్క గదిలో ఉంటారు, మీరు దిగాక ఆవిడ మళ్ళీ లైను కట్టకుండా ఎక్కేస్తారు. రెండోది సింగిల్ రైడర్ లైను. ఖాళీ పడిన ఒక్కో సీటులో ఒక్కొక్కరిని సర్దుతారు, చాలా తొందరగా కదులుతుంది. మీరిద్దరూ విడివిడిగా ఎక్కేటప్పుడు వాడుకోండి, పాపను మాత్రం ఒంటరిగా అందులోకి పంపకండి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది అక్కా. సాయంత్రమే కొలిచాను. పాప 128, బాబు 103. మరి అమ్మకు ఎట్లా? తిండి, నడక రెండూ బెంగగా ఉన్నాయి.

జవాబు – చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి

పాపకు అన్నీ దొరికినట్టే. బాబుకు ట్రాన్స్‌ఫార్మర్స్ అందుతుంది, రాపిడ్స్ అందదు. అక్కడే చిన్నపిల్లల డైనోసార్ రైడు ఉంది, మీరు పాపతో తడుస్తుంటే వాడిని దాని దగ్గరికి తీసుకుపొమ్మని మీ ఆవిడకు చెప్పండి. లేకపోతే ఏడుపు మొదలవుతుంది. అన్నట్టు రాపిడ్స్‌లో తడవడం అంటే చిలకరింపు కాదు, ప్యాంటు పిండుకోవాల్సినంత. ఇక్కడి నుంచే ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు పట్టుకుపోండి. జీన్స్ వద్దు, ఆ ఉక్కపోతలో సాయంత్రం దాకా ఆరదు.

తెరిచే వేళకు అరగంట ముందే గేటు దగ్గర ఉండండి. లోపల చెరువు చుట్టూ దారి గుండ్రంగా తిరుగుతుంది, తప్పిపోయే భయం లేదు. మొదటి గంటలోనే ట్రాన్స్‌ఫార్మర్స్, తర్వాత 2025 ఫిబ్రవరిలో తెరిచిన మినియన్ ల్యాండ్ చూసేయండి. పొద్దెక్కేకొద్దీ ఈ రెండింటి దగ్గరే జనం పేరుకుంటారు. మధ్యాహ్నం వాన పడే అవకాశం ఎక్కువ. ఉరుములు మెరుపులు వస్తే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు, ఆ టైముకు భోజనమో లోపలి ఆటలో పెట్టుకోండి. ఇట్లా పోతే ఒక్క రోజు సరిపోతుంది, రెండో రోజుకు డబ్బు దండగ.

అమ్మగారికి పార్కులోనే వీల్ చైర్ అద్దెకిస్తారు. మొహమాటపడకుండా పొద్దున్నే తీసుకోండి, మధ్యాహ్నం కాళ్ళు పట్టేశాక వెతుక్కోవడం కష్టం. చీర కట్టుకోవచ్చు, హవాయి చెప్పులు మాత్రం వద్దు. వెనక పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు కనీసం రెండు వారాల ముందే కొని ఇంట్లో వాడించండి. కొత్తవి అయితే కరుస్తాయి.

బయటి తిండి లోపలికి రానివ్వరు, పసిపిల్లల ఆహారానికే మినహాయింపు. ఈజిప్టు భాగంలో భారతీయ వంటలు దొరికే కేఫ్ ఉంది, అయినా 'గుడ్డు లేకుండా, చేప సాస్ లేకుండా' అని అడిగి తీసుకోండి. తాగే నీళ్ళు కొనక్కర్లేదు, కుళాయి నీళ్ళు తాగొచ్చు, ఖాళీ సీసా దగ్గర పెట్టుకోండి.

జవాబు – తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి

బస లిటిల్ ఇండియాలో చూసుకోండన్నా. టిఫిన్లకు సెరంగూన్ రోడ్డులో 1947 నాటి కోమల విలాస్ ఉంది, ఇంకొంచెం ముందుకు పోతే శ్రీనివాస పెరుమాళ్ గుడి కూడా. అమ్మగారు అక్కడ మన స్వామిని చూసి ఎంత సంతోషిస్తారో! పార్కుకు పోవడానికి లిటిల్ ఇండియాలో ఊదారంగు లైను మెట్రో ఎక్కితే రైలు మారకుండా హార్బర్‌ఫ్రంట్‌లో దిగుతారు. పైన వివోసిటీ మాల్ మూడో అంతస్తులో సెంటోసా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. పోయేటప్పుడు మనిషికి 4 డాలర్లు, వచ్చేటప్పుడు ఉచితం. నడవగలిగితే బోర్డ్‌వాక్ మీదుగా ఊరికే పోవచ్చు గానీ, అమ్మగారి మోకాళ్ళను పార్కు కోసం దాచిపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

చెప్పులు రేపే కొంటాను. అమ్మ అప్పుడే కారంపొడి, కూరల మసాలాపొడి, చింతకాయ తొక్కు సర్దుతానంటోంది. తీసుకుపోవచ్చా?

జవాబు – చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి

కారంపొడి, తొక్కు ఫరవాలేదు, గట్టిగా సీలు వేసి చెకిన్ పెట్టెలో పెట్టండి. మసాలాపొడిలో గసగసాలు పడ్డాయేమో అడగండి. వాటిని అక్కడి మాదకద్రవ్యాల శాఖ నిషేధించింది, పడి ఉంటే ఆ డబ్బా ఇంట్లోనే వదిలేయండి. పిల్లల బ్యాగుల్లో చూయింగ్ గమ్ ఉంటే అదీ తీసేయండి.