కాకి బిడ్డయె పాడెను కమ్మఁగాను

ఈ వారం సమస్య, అంటే మీరు పూరించాల్సిన పద్యపాదం, పైదే. తేటగీతి అనే నాలుగు పాదాల పద్యానికి ఇది చివరి పాదం. కాకికి కోయిల పుట్టదు కదా, ఆ చిక్కు విప్పుతూ తక్కిన మూడు పాదాలు రాయండి. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరంతో పొత్తు) బదులు ప్రాసయతి (ఆ చోట్ల రెండో అక్షరాల పొత్తు) వాడినా సరే.

మొదటి పూరణ:

మగది పిలువంగఁ గాకులు మండి తరుమ
నాఁడుకోయిల గూటిలో నండమునిడె;
అమ్మ యెవరన్న మాటేల? యరసి పెంచఁ
గాకి బిడ్డయె పాడెను కమ్మఁగాను.

నిర్వాహకుడు: చెట్టు మీద జరిగేదే రాశారు. మగకోయిల కాకి గూటి దగ్గర అరిచి కాకుల్ని తన వెంట తిప్పుకుంటుంది. అదే అదనుగా ఆడది ఆ గూట్లో గుడ్డు పెట్టేసి పోతుంది. ‘మండి తరుమ’లో కాకి కోపం కళ్లకు కట్టింది. రెండో పాదంలో స్వరయతి (అచ్చుల పొత్తు) చక్కగా కుదిరింది.

రెండో పూరణ:

ముందు గుడ్డును వీడిన ముద్దుకూన
నోరు తెఱచిన చాలును నోటఁ బెట్టె;
నలుపు నలుపులోఁ గలిసెను, నమ్మె తల్లి;
కాకి బిడ్డయె పాడెను కమ్మఁగాను.

నిర్వాహకుడు: ‘ముందు’ అన్న మాట ఊరికే పడలేదు. కోయిల గుడ్డు 12–14 రోజుల్లోనే పిల్లవుతుంది, కాకి గుడ్డుకు ఇంకా కొన్ని రోజులు పడుతుంది. ‘నోరు’, ‘నోట’ పక్కపక్కనే వచ్చి పాదం పలచబడింది. ‘నోటఁ బెట్టె’ బదులు ‘నూకలిడఁగ’ అని రాస్తే యతీ నిలుస్తుంది. మూడో పాదం మాత్రం నాకు ఎంతో నచ్చింది.

ఒక సభ్యురాలు: గురువుగారూ, కోయిల పిల్ల కాకిపిల్లల్ని గూట్లోంచి తోసేస్తుందంటారు. అదీ పద్యంలోకి తేవచ్చా?

నిర్వాహకుడు: వద్దమ్మా. తోసేసేది యూరప్‌లోని కుకూ అనే కోయిల జాతి పిట్ట పిల్ల. ఇంకా కళ్లు తెరవకుండానే గుడ్లను వీపు మీదికెత్తి గూటి అంచు దాటిస్తుంది. మశూచి టీకాతో పేరొందిన వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ 1788లోనే ఈ సంగతి రాశాడు. మన కోయిల పిల్ల సాధారణంగా ఆ పని చేయదు. చాలాసార్లు కాకిపిల్లలూ దాంతోపాటే పెరుగుతాయి. చేయని పాపం దాని మీద వేయకండి.

మూడో పూరణ:

మఱల నామని రాఁగనే మావిఁ జేరి
యాఁడుకోయిల గొంతెత్తె నందమొలుక;
తల్లి యెవరని తలఁపక ధరణి మురిసె;
కాకి బిడ్డయె పాడెను కమ్మఁగాను.

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. పిట్ట దగ్గరే తేడా వచ్చింది. కుహూ అని పాడేది నల్లటి మగది. ఆడది గోధుమరంగుది, ఒంటి నిండా తెల్లచుక్కలు, దాని గొంతు కిక్‌కిక్‌మని గరుకుగా ఉంటుంది. ‘యాఁడుతోడుకై గొంతెత్తె నందమొలుక’ అని మార్చండి. పాడేది మగదవుతుంది, ఎందుకు పాడుతోందో కూడా తెలుస్తుంది. మూడో పాదం జోలికి వెళ్లకండి, అలాగే ఉండనివ్వండి.