ఫ్రెండ్‌షిప్ గేమ్స్‌లో మన జట్టు కన్నా అవతలి జట్టే ఎందుకు నచ్చుతోంది?

లాస్ట్‌బెంచ్:

ముందే చెప్పేస్తున్నా, ఇది ‘మై లిటిల్ పోనీ’ (గుర్రపిల్లల కార్టూన్) సినిమా గురించి. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వుకుని వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఆ గుర్రపిల్లలు హైస్కూల్ అమ్మాయిలుగా కనిపించే ఈక్వెస్ట్రియా గర్ల్స్ వరసలో మూడోది, 2015లో వచ్చిన ఫ్రెండ్‌షిప్ గేమ్స్. నిన్న రాత్రి మళ్ళీ చూశాను. ఎన్నోసారో లెక్క పెట్టడం మానేశాను.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కాంటర్లాట్ హై, క్రిస్టల్ ప్రెప్ అని రెండు స్కూళ్ళు. నాలుగేళ్ళకోసారి రెండింటి మధ్య పోటీలు. క్రిస్టల్ ప్రెప్‌ని కాంటర్లాట్ వాళ్ళు ఒక్కసారి కూడా ఓడించలేదు. మొదటి రెండు సినిమాల నుంచీ మనకి తెలిసిన పిల్లలంతా కాంటర్లాట్‌లో ఉంటారు కాబట్టి మనం ఎవరి వైపు ఉండాలో సినిమాకి ముందే తేలిపోయింది. కాకపోతే ఈసారి క్రిస్టల్ ప్రెప్ జట్టులో ఒక ట్వైలైట్ స్పార్కిల్ ఉంది. గుర్రాల లోకంలో యువరాణిగా ఉన్న ట్వైలైట్ కాదు, మనుషుల లోకంలో పుట్టి పెరిగిన ట్వైలైట్. కళ్ళజోడు, ముడి వేసిన జుట్టు, మాట్లాడే ముందే సారీ చెప్పేలా ఉండే ముఖం.

ఆమె నచ్చడంలో వింతేమీ లేదు, సినిమా ఆమెదే. నా ప్రశ్న మిగతా ఐదుగురి గురించి. సవర్ స్వీట్, షుగర్‌కోట్, ఇండిగో జాప్, లెమన్ జెస్ట్, సన్నీ ఫ్లేర్. సినిమా మొత్తం గంటా పది నిమిషాల చిల్లర. అందులో ఈ ఐదుగురికీ కలిపి దొరికిన మాటలు ఎన్నని? అయినా పదేళ్ళు దాటాక కూడా వాళ్ళ ముఖాలూ గొంతులూ గుర్తున్నాయి. అదే సినిమాలో మన కాంటర్లాట్ జట్టు రెయిన్‌బో డాష్ ఏం చేసిందని ఎవరైనా అడిగితే మాత్రం కాసేపు ఆలోచించాల్సి వస్తోంది, పైగా నేను మొదట్నించీ రెయిన్‌బో డాష్ అభిమానిని! ఇది రాసినవాళ్ళు కావాలని చేసిన పనా, లేక నాలోనే ఏదైనా తేడా ఉందా?

కళ్ళజోడు:

తేడా ఏమీ లేదు, ఇక్కడ సగం మందికి ఉన్న జబ్బే అది.

నాకు తోచింది చెప్తాను. మన జట్టు పిల్లలు అప్పటికి మూడో సినిమాలో ఉన్నారు. వాళ్ళ మధ్య గొడవలు ఎప్పుడో సర్దుకున్నాయి, ఒకరి మీద ఒకరికి అనుమానాలు లేవు, హాయిగా ఉన్నారు. హాయిగా ఉన్నవాళ్ళతో కథ నడపడం కష్టం. అవతలి వాళ్ళు అలా కాదు. ఒకే బస్సులో వస్తారు, ఒకే యూనిఫాం, ఒకే జట్టు, కానీ ఒకరంటే ఒకరికి పడదు. అందుకే వాళ్ళలో ఎవరు నోరు తెరిచినా ఏదో ఒకటి జరుగుతుంది.

పైగా ఒక్కొక్కరికి ఒక్కటే లక్షణం ఇచ్చి దాన్ని చివరిదాకా వదలకుండా పట్టుకున్నారు. సవర్ స్వీట్ మొదలుపెట్టడం తేనె పోసినట్టు మొదలుపెడుతుంది, వాక్యం పూర్తయ్యేలోపు గొంతు మారిపోయి వేపాకు నమిలినట్టు అయిపోతుంది. షుగర్‌కోట్ పేరుకి చక్కెర పూత, నోట్లోంచి వచ్చే మాటకి మాత్రం ఏ పూతా ఉండదు, ఉన్నది ఉన్నట్టు ముఖాన కొడుతుంది, అదీ విసుగ్గా, వాతావరణ వార్తలు చదువుతున్నట్టు. ఇండిగో జాప్‌కి గెలుపు తప్ప వేరే మాట తెలీదు. లెమన్ జెస్ట్ చెవుల మీద హెడ్‌ఫోన్లు, లోపల చెవులు చిల్లులు పడే పాటలు. ఇంతే. ఇంతకంటే వాళ్ళ గురించి మనకేం తెలుసు? ఇంటి సంగతి తెలీదు, గతం తెలీదు. కానీ వాళ్ళలో ఎవరు ఎప్పుడు ఏమంటారో మాత్రం మనం ముందే ఊహించగలం. పక్క పాత్రకి అది చాలు.

(సన్నీ ఫ్లేర్ గురించి ఏమీ రాయలేదేంటని అడగొద్దు. రాయడానికి ఏముందని? మూతి ముడుచుకుని నిలబడటం ఒక లక్షణం అనుకుంటే సరే.)

ఆ విలువిద్య సీన్ ఒకసారి గుర్తు చేసుకోండి. రెండో పోటీ రిలే. ముందు బాణాలు, తర్వాత స్కేటింగ్, తర్వాత మోటార్ బైకులు. బాణం గురికి తగిలితే తప్ప జట్టులో తర్వాతి వాళ్ళు కదలకూడదు. ట్వైలైట్ వేస్తోంది, తప్పుతోంది, మళ్ళీ వేస్తోంది, మళ్ళీ తప్పుతోంది. పక్కనే సొంత జట్టు మనిషి సవర్ స్వీట్ నిలబడి ఎత్తిపొడుస్తోంది. అప్పుడు ఆమెకి ఎలా కొట్టాలో చెప్పేది ఎవరు? అవతలి జట్టు ఆపిల్‌జాక్! ఆ ఒక్క సీన్‌లో రెండు స్కూళ్ళ మధ్య తేడా మొత్తం వచ్చేసింది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేకపోయింది. ఆపిల్‌జాక్ మంచితనం మనకి పాతదే, కానీ సవర్ స్వీట్ పక్కన నిలబడితేనే అది కొత్తగా కనిపించింది.

సగంనిద్ర:

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను కాస్త చెడ్డపేరు తెచ్చుకుంటాను.

ఈ ఐదుగురూ ట్వైలైట్‌ని ఏడిపించినవాళ్ళు. ముద్దుగా గీశారు, గొంతులు బాగున్నాయి, డైలాగులు నవ్వొస్తాయి, అన్నీ ఒప్పుకుంటాను. కానీ మూడో పోటీకి ముందు వచ్చే పాట గుర్తుందా? ట్వైలైట్ మెడలో ఆ యంత్రం ఉంటుంది, అప్పటిదాకా అది కాంటర్లాట్ పిల్లల నుంచి లాగేసిన మ్యాజిక్ అంతా అందులోనే ఉంటుంది. అవతలి వాళ్ళు మ్యాజిక్‌తో మోసం చేస్తున్నారు, నువ్వు కూడా దాన్ని తెరిచి వాడు అని క్రిస్టల్ ప్రెప్ ప్రిన్సిపల్ సించ్ ఎక్కిస్తుంది. సించ్ ఒక్కతే అయితే సరే, పెద్దావిడ, స్వార్థం ఉంది అనుకుందాం. కానీ ఈ ఐదుగురూ చుట్టూ తిరుగుతూ గొంతు కలుపుతారు. అంతవరకూ ఆ పిల్లని మనిషిగా చూడనివాళ్ళు, తమకి అవసరం వచ్చేసరికి చెవిలో గుసగుసలు మొదలుపెట్టారు. ఆమె మిడ్‌నైట్ స్పార్కిల్ అనే రాక్షసిగా మారిపోయి నేల చీల్చేసి రెండు లోకాలనీ కలిపేస్తుంటే, అప్పుడు వీళ్ళకి జ్ఞానోదయం. నాలుగు చేతులు అందించి, పడిపోతున్నవాళ్ళని పైకి లాగి, చివర్లో నవ్వు ముఖాలు. ఒక్క సారీ కూడా సరిగ్గా లేదు.

నాకు నచ్చలేదని కాదు. ఇంత తేలిగ్గా వదిలేశారే అని బాధ. మొదటి సినిమాలో విలన్‌గా ఉండి తర్వాత మన జట్టులో కలిసిన సన్‌సెట్ షిమ్మర్, అప్పుడు చేసిన తప్పుకి రెండో సినిమా మొత్తం తలదించుకుని తిరిగింది. వీళ్ళకి మాత్రం రెండు నిమిషాల్లో క్షమాపణ!

లాస్ట్‌బెంచ్:

ఆ పాట గురించి మీరు చెప్పింది నిజమే, నేను ప్రతిసారీ దాన్ని ట్యూన్ కోసం వింటూ ఎవరెవరు పాడుతున్నారో పట్టించుకోలేదు. ఇప్పుడే మళ్ళీ పెట్టుకుని చూశాను. ఒళ్ళు జలదరించింది.

కానీ ఒక మాట. వాళ్ళని అలా తయారు చేసింది ఆ స్కూలు కాదా? 2017లో వచ్చిన డాన్స్ మ్యాజిక్ స్పెషల్ చూశారా? అందులో వీళ్ళే మళ్ళీ వస్తారు (ఇండిగో జాప్ ఒక్కతే లేదు, ఎందుకో!). కాంటర్లాట్ జట్టు రారిటీకి వచ్చిన మ్యూజిక్ వీడియో ఆలోచనని వీళ్ళు కొట్టేస్తారు. ఎందుకు కొట్టేశారో తర్వాత బయటపడుతుంది. క్రిస్టల్ ప్రెప్ అంటే అన్నిట్లో ఫస్టే అని అందరూ అనుకుంటారు, ఆ పేరు నిలబెట్టాలన్న టెన్షన్ వాళ్ళ మీద ఉంది, సొంతంగా ఏమీ తట్టడం లేదు. అది చూశాక వెనక్కి వెళ్ళి సినిమా చూస్తే ఇండిగో జాప్ అరుపులు కూడా నాకు ధైర్యంలా కాకుండా భయంలా వినిపించాయి. ఓడిపోతే ఏమవుతుందో తెలిసినవాళ్ళు అలాగే అరుస్తారు.

తప్పు ఒప్పు అయిపోదు, అది ఒప్పుకుంటా.

మూడోబస్సు:

మీ అందరి గొడవలో అసలు మనిషిని మర్చిపోయారు. సన్‌సెట్ షిమ్మర్!

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం, సన్‌సెట్‌కి ఏమీ తెలియకపోవడం. స్నేహితులకి గుర్రం చెవులూ రెక్కలూ ఎప్పుడు ఎందుకు వస్తున్నాయో కనుక్కోమని అందరూ ఆమె మీద పడతారు, మ్యాజిక్ ఉన్న లోకం నుంచి వచ్చింది ఆమె ఒక్కతే కదా అని. ఆమె కనుక్కోలేకపోతుంది. ఎప్పుడు ఏ సమస్య వచ్చినా గుర్రాల లోకంలో ఉన్న యువరాణి ట్వైలైట్‌కి మ్యాజిక్ పుస్తకంలో రాసి కబురు పంపేది, ఈసారి అటునుంచి జవాబు రాదు, వెళ్దామంటే దారి మూసుకుపోయింది. సినిమా సగంలో ఆమె భుజాలు ఎలా వాలిపోయి ఉంటాయో చూడండి. మొదటి సినిమాలో కిరీటం దొంగిలించి గర్వంగా నడిచిన మనిషేనా అనిపిస్తుంది.

అవతల మనుషుల ట్వైలైట్ కూడా అదే పని చేస్తోంది కదా. మ్యాజిక్ అంటే ఏంటో తెలుసుకోవాలని. ఒకరికి లోపల్నుంచి తెలుసు కానీ వివరించలేదు, ఇంకొకరికి కొలిచే యంత్రం ఉంది కానీ కొలుస్తున్నది ఏంటో తెలీదు. ఇద్దరూ ఒక గంట కూర్చుని మాట్లాడుకుని ఉంటే సినిమాయే లేదు. బదులుగా ఏమైంది? బైకుల రేసు తర్వాత సన్‌సెట్ ఆ పిల్ల మీద అందరి ముందూ విరుచుకుపడింది. తెలియని వాటితో ఎందుకు ఆడుకుంటున్నావని. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది. సగంనిద్ర గారూ, మీరు ఐదుగురి లెక్క తీశారు సరే, ఆ లెక్కలో సన్‌సెట్ పేరు కూడా రాయాలి. ట్వైలైట్‌ని ఆ అంచు దాకా తోసినవాళ్ళలో మన హీరోయిన్ కూడా ఉంది.

అందుకే చివర్లో ఆమె చెయ్యి చాపడం నాకు అంత గట్టిగా తగిలింది. మొదటి సినిమా చివర గుంతలో పడి ఏడుస్తున్న సన్‌సెట్‌కి యువరాణి ట్వైలైట్ చెయ్యి అందిస్తుంది. ఇక్కడ అదే ముఖం ఉన్న ఇంకో అమ్మాయికి సన్‌సెట్ చెయ్యి అందిస్తోంది. అప్పు తీర్చడమంటే తీసుకున్నవాళ్ళకే తిరిగివ్వాలని లేదుగా.

కళ్ళజోడు:

మూడోబస్సు, మీరు చెప్పిన ఆ చెయ్యి సంగతి నేను ఇన్నేళ్ళూ గమనించలేదు. రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి చూడాలి ఇప్పుడు.

ఇంకోటి, ఇద్దరు ట్వైలైట్‌లకీ గొంతు టారా స్ట్రాంగ్‌దే. యువరాణికి ఉన్న ధీమాలో సగం తీసేసి, మాట మధ్యలో చిన్న తడబాటు పెట్టింది, అంతే, వేరే మనిషి అయిపోయింది.

సగంనిద్ర:

సన్‌సెట్ విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. కానీ ఆమె తన తప్పు తెలుసుకుని సరిదిద్దుకుంది, ఐదుగురిలో ఆ పని ఎవరు చేశారో చెప్పండి. సవర్ స్వీట్ చివర్లో నవ్వింది అని మాత్రం చెప్పకండి, ఆమె నవ్వు ఎన్ని సెకన్లు ఉంటుందో మనకి తెలుసు.

పాతరీలు:

ప్రిన్సిపల్ సించ్ గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నా. నా ఓటు ఆవిడకే.

ఈ వరసలో విలన్లంతా మ్యాజిక్ వాళ్ళే. మొదటి దాంట్లో సన్‌సెట్ రాక్షసిగా మారుతుంది, రెండో దాంట్లో పాటలతో మనసులు లొంగదీసే ముగ్గురు సైరన్లు. మూడో దాంట్లో విలన్ దగ్గర ఒక ఆఫీసు, ఒక దరఖాస్తు ఫారం, ఒక తియ్యటి బెదిరింపు తప్ప ఏమీ లేవు. ట్వైలైట్‌కి ఎవర్టన్ అనే చోట ఒంటరిగా పరిశోధన చేసుకునే అవకాశం కావాలి. అది ఇప్పించడం, ఇప్పించకపోవడం సించ్ చేతిలో ఉంది. నువ్వు పోటీల్లో పాల్గొంటావా లేదా అని ఆవిడ గొంతు పెంచకుండా అడుగుతుంది చూడండి, అంతకంటే భయంకరమైన సీన్ ఆ సినిమాలో లేదు. రెక్కలొచ్చి, కళ్ళల్లోంచి మంటలొచ్చే మిడ్‌నైట్ స్పార్కిల్ దాని ముందు దిగదుడుపే. ఎందుకంటే మంటల కళ్ళవాళ్ళు మనకి ఎదురుపడరు, ఇలాంటివాళ్ళు ఎదురుపడతారు.

చివరికి ఏం జరిగింది? తను ఎక్కించిన పిల్ల రాక్షసిగా మారగానే అందరికన్నా ముందు పారిపోయింది ఆవిడే. తన పిల్లల్ని అక్కడే వదిలేసి. సగంనిద్ర గారు ఆ ఐదుగురూ రెండు నిమిషాల్లో మారిపోయారని అంటున్నారు కదా, నేను దాన్ని ఇలా చూస్తాను. వాళ్ళు మారింది ట్వైలైట్‌ని చూసి కాదు, పారిపోతున్న సించ్‌ని చూసి. ఇన్నాళ్ళూ ఎవరి మెప్పు కోసం ఒకరినొకరు తొక్కుకున్నారో ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. దానికి రెండు నిమిషాలు చాలవా?

తర్వాత వచ్చి స్కూల్ బోర్డుకి ఫిర్యాదు చేస్తానని బెదిరించడం ఇంకా అద్భుతం. మాట్లాడే కుక్కలూ, వేరే లోకాలకి దారులూ అని చెప్తే బోర్డు ఏమనుకుంటుందో ఎవరో గుర్తు చేశాక ఆవిడ ముఖం చూడాలి. పేరు ప్రతిష్ఠల కోసం అంతా చేసిన మనిషిని ఆ పేరు ప్రతిష్ఠలతోనే నోరు మూయించారు.

సగంనిద్ర:

పారిపోతున్న సించ్‌ని చూసి... ఊఁ. ఇది నేను ఆలోచించలేదు. సినిమా అలా చెప్పిందా, లేక మీరు చెప్తే అలా కనిపిస్తోందా అన్నది మాత్రం మళ్ళీ చూస్తే గానీ చెప్పలేను.

లాస్ట్‌బెంచ్:

ఇద్దరం చూద్దాం. నేను ఈసారి ఆ చివరి పది నిమిషాల్లో ఐదుగురి కళ్ళు ఎటు చూస్తున్నాయో అదొక్కటే గమనిస్తాను. 2016లో వచ్చిన నాలుగో సినిమాలో ట్వైలైట్ మిడ్‌నైట్ స్పార్కిల్ మళ్ళీ బయటికొస్తుందేమో అని తనంటే తనే భయపడుతూ ఉంటుంది కదా, దాన్ని కూడా వెంటనే పెట్టుకోవాలి అనిపిస్తోంది. కానీ అందులో షాడోబోల్ట్స్ (అదే, మన క్రిస్టల్ ప్రెప్ జట్టు) లేరు, అదే దిగులు.

ఇంతకీ రెయిన్‌బో డాష్ ఏం చేసిందో గుర్తొచ్చింది. బైకుల రేసులో వేరే లోకం నుంచి రాక్షసి మొక్కలు పొడుచుకొచ్చినప్పుడు, రేసు వదిలేసి సన్‌సెట్ కోసం వెనక్కి తిరిగింది. గెలుపు పిచ్చి ఉన్న రెయిన్‌బో డాష్! దాన్ని ఎలా మర్చిపోయానో నాకే తెలీదు.

కళ్ళజోడు:

సన్నీ ఫ్లేర్‌ని సమర్థించడానికి ఇంతవరకూ ఒక్కరూ రాలేదని గమనించగలరు.