టాకో బండి దగ్గర ఒక సాయంత్రం: కొత్త ఫోన్ సంగతి అంతలోనే తేలుతుందా?

సగం_ఛార్జ్

ఫోన్ కొని పది రోజులైంది. నచ్చకపోతే తిరిగి ఇవ్వడానికి 14 రోజుల గడువు, అంటే గురువారం దాకా. నిన్న శనివారం నలుగురం కలిసి టాకోలు (మాంసం పెట్టి మడిచే మెక్సికన్ చిన్న రొట్టెలు) తినడానికి వెళ్లాం. మూడు బండ్లు, నాలుగు గంటలు. ఇంటికొచ్చేసరికి ఈ ఫోన్ మీద నా మనసు విరిగిపోయింది.

మొదటి బండి దగ్గర ఇంకా వెలుతురుంది. ఫోటోలు అదిరిపోయాయి. రెండో బండి దగ్గరికి వెళ్లేసరికి చీకటి పడింది. ప్లేటును దగ్గర నుంచి తీద్దామని ఫోన్ కిందికి దించగానే తెర మీద బొమ్మ ఒక్కసారి గెంతింది. వచ్చిన ఫోటోలో కొత్తిమీర ఆకులు లేవు, పచ్చటి ముద్ద ఉంది. మూడో బండికి ఎర్ర నియాన్ బోర్డు. దాని కింద తీస్తే మాంసం ఇప్పుడే కోసినట్టు పచ్చిగా వచ్చింది. తిన్నవాణ్ణి నేను, అది అంచులు మాడేదాకా కాలింది. వీడియో తీస్తే నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. వేళ్లకు నూనె అంటితే వేలిముద్ర తీసుకోదు, తుడుచుకున్నా తీసుకోదు. మధ్యాహ్నం పన్నెండుకు వంద శాతం ఉన్న బ్యాటరీ రాత్రి పదింటికి పదకొండు శాతానికి దిగింది.

కొనే ముందు డజను రివ్యూ వీడియోలు చూశాను. ఒక్కరూ ఇవి చెప్పలేదు. అందుకే అంటున్నాను: ఫోన్ ఎలాంటిదో తెలియడానికి ల్యాబ్ అక్కర్లేదు, టాకో బండి దగ్గర ఒక సాయంత్రం చాలు. కాదంటారా?

పాత_లెన్స్

కాదనే అంటాను. మీరు పరీక్షించింది ఫోన్‌ని కాదండీ, ఆ బండి దగ్గరి లైట్లని.

ముందు ఆ గెంతు సంగతి. ఈ మధ్య ఖరీదైన ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ పెద్దది. పెద్దదైతే వెలుతురు ఎక్కువ పట్టుకుంటుంది, కానీ వస్తువు మరీ దగ్గరకు వస్తే, ఇంచుమించు జానెడు లోపలికి వస్తే, ఫోకస్ చేయలేదు. అప్పుడు ఫోన్ మిమ్మల్ని అడక్కుండానే అల్ట్రావైడ్, అంటే వెడల్పుగా చూసే కెమెరాకి మారిపోతుంది. అది దగ్గర వాటిని చూడగలదు గానీ దాని సెన్సర్ చిన్నది. పగలు ఫర్వాలేదు, రాత్రి దానికి అందే వెలుతురు చాలదు. మచ్చలు కనిపించకుండా ఫోన్ నున్నగా రుద్దేస్తుంది, కొత్తిమీర ముద్దవుతుంది. 2021లో ఐఫోన్ 13 ప్రో వచ్చినప్పుడు ఇదే గొడవ. అలా దానంతటదే మారడం చాలామందికి నచ్చలేదు, ఐఓఎస్ 15.1లో దాన్ని ఆపుకునే మీట ఇచ్చారు. మీ ఫోన్‌లోనూ పువ్వు గుర్తు (దగ్గరి ఫోటోల మీట) ఎక్కడో ఉంటుంది, చూడండి. దాన్ని ఆపి, రెండు అడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్, అంటే 2ఎక్స్‌లో తీయండి. 50 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా నాలుగు పిక్సెళ్లు కలిపి ఒకటి చేసి 12.5 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. 2ఎక్స్‌లో అయితే చాలా ఫోన్లు సెన్సర్ మధ్య భాగాన్నే తీసుకుంటాయి. చీకట్లో కాస్త గరుకుగా వస్తుంది, ముద్ద కన్నా నయం.

చారలు బల్బుల తప్పు. కరెంటు సెకనుకు 60 సార్లు ఊగే దేశాల్లో చౌక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 120 సార్లు వెలిగి తగ్గుతుంది, 50 అయితే 100 సార్లు. కంటికి తెలియదు. ఫోన్ కెమెరా బొమ్మను వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి దొరికిపోతుంది. షటర్‌ను సెకనులో 1/120 వంతుకో 1/60 వంతుకో కట్టేస్తే (50 ఉన్నచోట 1/100, 1/50) చారలు పోతాయి.

అయిదు ఫిర్యాదుల్లో రెండు ఇక్కడే కొట్టుకుపోయాయి.

నిమ్మతొక్క

పాత_లెన్స్ గారూ, మీరు చెప్పిందంతా నిజమే కావచ్చు. కానీ "పువ్వు గుర్తు ఆపండి, వెనక్కి జరగండి, షటర్ కట్టేయండి" అంటుంటే, ఇంతకీ ఫోన్ మనకు పనిచేస్తోందా, మనం ఫోన్‌కి పనిచేస్తున్నామా? టాకో తినేవాడికి ఒక చెయ్యి ఖాళీ ఉండదు. వెనకాల వరసలో పది మంది. మనిషి ఫోన్ తీస్తాడు, నొక్కుతాడు, జేబులో పెట్టుకుంటాడు. ఆ ఒక్క నొక్కులో ఏం వస్తుందో అదే ఫోన్.

ఒక్క సందేహం మాత్రం ఉంది. మూడో బండి దగ్గర తిన్నది అల్ పాస్తోరా? అయితే ఎరుపు ఫోన్ తప్పు కాదు. ఆ పంది మాంసాన్ని ఎండు మిరపకాయలు, అచియోతే గింజల ముద్దలో నానబెడతారు, పుట్టుకతోనే ఎర్రగా ఉంటుంది. నిలువు చువ్వకు గుచ్చి కాలుస్తారే, అదే. ఆ చువ్వ పద్ధతి లెబనాన్ నుంచి మెక్సికోకి వలస వచ్చినవాళ్ల షవర్మా నుంచి వచ్చింది. సంబంధం లేని సంగతే, నోరూరి చెప్పాను.

సగం_ఛార్జ్

కాదు, మూడో చోట తిన్నది కార్నె అసాదా. నిప్పుల మీద కాల్చిన గొడ్డు మాంసం, గోధుమ రంగు, నల్లటి అంచులు. ఎరుపు ఎక్కడా లేదు. అల్ పాస్తోర్ తిన్నది మొదటి బండి దగ్గర, దాని ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

రంగు_రాజీ

నాకు ఆ బ్రహ్మాండమైన ఫోటోల మీదే అనుమానం.

ఎర్ర బోర్డు సంగతి తేలిక. నిజం నియాన్ అయినా ఎర్ర ఎల్‌ఈడీ అయినా, ఆ వెలుగులో నీలం, ఆకుపచ్చ దాదాపు ఉండవు. లేని రంగును ఏ కెమెరా పట్టుకుంటుంది? మీ కంటికి గోధుమ రంగు కనిపించింది, ఎందుకంటే కాలిన మాంసం ఎలా ఉంటుందో మీ మెదడుకు తెలుసు. అక్కడ ఫోన్ ఉన్నది ఉన్నట్టు చూపించింది, మీరు దాన్నే తిట్టారు.

మొదటి బండి దగ్గర మాత్రం ఫోన్ మిమ్మల్ని మెప్పించింది. చాలా ఫోన్లు ఎదురుగా ఉన్నది తిండి అని గుర్తుపట్టి ఎరుపు, పసుపు పెంచుతాయి, కొన్ని చుట్టూ అంచులు మసక చేస్తాయి. ఇంకా ముందుకు వెళ్లిన సందర్భమూ ఉంది. 2023 మార్చిలో రెడ్డిట్‌లో ఒకరు చంద్రుడి బొమ్మను కావాలని మసకగా చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గదిలో లైట్లు ఆపి శాంసంగ్ గెలాక్సీ ఫోన్‌తో తీశారు. ఆ బొమ్మలో లేని గుంటలూ గీతలూ ఫోటోలో వచ్చాయి. చంద్రుడని గుర్తుపట్టాక వివరాలు మెరుగుపరిచే పద్ధతి ఉందని, సీన్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ ఆపితే అది ఆగుతుందని శాంసంగ్ వివరణ ఇచ్చింది. టాకోకి అంత చేస్తారని అనను. కానీ "అదిరింది" అనే మాటను పరీక్ష ఫలితంగా రాయకండి. ఆ రోజు పక్కన ఇంకో ఫోన్‌తో ఎవరైనా తీశారా?

సగం_ఛార్జ్

తీశాడు, మా వాడు నాలుగేళ్ల పాత ఫోన్‌తో. ఇప్పుడే అడిగి తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, టోర్టియా (టాకో రొట్టె) రంగు వాడి ఫోటోలోనే నిజానికి దగ్గర. నా దాంట్లో పసుపు ఎక్కువైంది. అయినా నాకు నాదే నచ్చింది.

బ్యాటరీ_బాబాయ్

అందరూ కెమెరా దగ్గరే ఆగిపోయారు. సగం_ఛార్జ్ గారూ, కొని పది రోజులన్నారు, వాడటం మొదలుపెట్టింది ఎప్పుడు?

సగం_ఛార్జ్

డబ్బా విప్పింది శుక్రవారం రాత్రి. అంతకుముందు పనిలో తీరిక దొరకలేదు.

బ్యాటరీ_బాబాయ్

అనుకున్నా. ఆ పదకొండు శాతాన్ని లెక్కలోంచి తీసేయండి. కొత్త ఫోన్‌లోకి పాత ఫోన్ సరుకంతా దించాక మొదటి రెండు మూడు రోజులు అది లోపల వేరే సంసారం చేస్తుంటుంది. ఫోటోలన్నీ దించుకోవడం, వాటిలో ముఖాలు వెతకడం, యాప్‌లు తాజా చేసుకోవడం. దాని మీద మీరు ఎండలో తెర వెలుగు నిండా పెట్టి, గంటల తరబడి కెమెరా తెరిచి ఉంచారు. ఏ ఫోన్ అయినా దిగుతుంది.

అసలు బ్యాటరీ గురించి తెలియాల్సింది ఒక వారాంతంలో తెలియదు. ఎన్ని ఛార్జింగుల తర్వాత ఎంత మిగులుతుందన్నదే లెక్క. ఐఫోన్ 14 దాకా 500 సైకిళ్లకు (అంటే నిండు ఛార్జింగులకు) 80 శాతం అని చెప్పిన ఆపిల్, 15 నుంచి 1000 సైకిళ్లు అంటోంది. యూరోపియన్ యూనియన్ అయితే 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకు కనీసం 800 సైకిళ్ల తర్వాత 80 శాతం ఉండాలని నిబంధన పెట్టింది. 800 సైకిళ్లంటే రెండేళ్ల పైమాట. మీరు ఎన్ని టాకోలు తింటే తెలుస్తుంది?

నిమ్మతొక్క

బాబాయ్ లెక్క ప్రకారం ఏ ఫోన్‌నీ ఎప్పుడూ తిరిగి ఇవ్వకూడదు. గడువు 14 రోజులు, సైకిళ్లు 800!

ఒక పక్క ప్రశ్న. మొన్న నా ఫోన్ మీద సల్సా (టాకోలో వేసే పచ్చడి) ఒలికింది. ఐపీ68 కదా అని కుళాయి కింద పెట్టి కడిగేశాను. తప్పా?

పాత_లెన్స్

ఇంకోసారి చేయకండి. ఆ 6 దుమ్ముకు, 8 నీళ్లలో మునగడానికి. అది ల్యాబ్‌లో కొత్త ఫోన్‌ని కదలని మంచినీళ్లలో ఉంచి ఇచ్చే గుర్తు. ఉప్పు, పులుపు, నూనె దాని లెక్కలో లేవు. కుళాయి ధార వేగానికి పరీక్షలు వేరే. తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు.

పక్కన_కూర్చున్నవాడు

ఆ నలుగురిలో నేనొకణ్ణి. పాత ఫోన్ నాదే. మిత్రుడు కొన్ని సంగతులు వదిలేశాడు, నేను చెప్తాను.

రెండో బండి దగ్గర వాడు ఒక ప్లేటుకు తీసిన ఫోటోలు ఇరవై పైనే. మేం చేతులు కట్టుకుని కూర్చున్నాం. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రుబ్బి చేసే ఆ చిన్న టోర్టియా రసం తగిలితే నిమిషాల్లో మెత్తబడి చిరుగుతుంది, అందుకే బండివాళ్లు కింద రెండేసి వేస్తారు. వీడి ఫోటో సెషన్‌కి ఆ రెండూ చాల్లేదు. నా వాటాకు వచ్చింది చెంచాతో తినాల్సి వచ్చింది.

అసలు విషయం ఇది. మూడో బండికి వెళ్లే ముందు వాడు ఫోన్‌ని నూనె చేత్తో వెనక వైపు పట్టుకుని నడిచాడు. కెమెరా అద్దం మీద వేలిముద్ర నాకు స్పష్టంగా కనిపించింది. చెబుదామనుకున్నా, టాకో గొడవలో కోపంగా ఉండి చెప్పలేదు.

పాత_లెన్స్

అయిపోయింది. నూనె మరక ఉంటే దీపాల వెలుగు బొమ్మంతా పరుచుకుంటుంది. ఎర్ర బోర్డు కింద బొమ్మంతా ఎర్రబడటానికి అదీ ఒక కారణం. ఇంకా దీన్ని పరీక్ష అంటారా?

నిమ్మతొక్క

అంటాను! జనం చేతికి నూనె అంటకుండా టాకో తింటారా? కెమెరా పక్కనే వేళ్లు పడేలా ఫోన్ తయారుచేసింది ఎవరు? కొన్ని ఫోన్లు "లెన్స్ తుడవండి" అని చెప్తాయి. ఇది చెప్పలేదు. అదీ ఒక ఫలితమే.

రంగు_రాజీ

ఫలితం కావాలంటే పోల్చడానికి ఇంకోటి ఉండాలి కదండీ. పాత ఫోన్ అద్దానికి నూనె లేదు, కొత్త దానికి ఉంది. దీన్ని పట్టుకుని ఏ ఫోన్ మేలో చెప్పలేం. బుధవారం లోపు మళ్లీ వెళ్లండి. అదే బండి, అదే వేళ, రెండు ఫోన్లూ తుడిచి.

సగం_ఛార్జ్

వెళ్లొచ్చాం, మూడో బండికే, ఇద్దరమే. వీడు షరతు పెట్టాడు: ప్లేటుకు మూడే ఫోటోలు, అదీ నిమిషంలో.

పువ్వు గుర్తు ఆపి 2ఎక్స్‌లో తీస్తే కొత్తిమీర ఆకులు లెక్కపెట్టేలా వచ్చాయి. కాస్త గరుకు ఉంది, నాకు అభ్యంతరం లేదు. వీడియోకి యాంటీ ఫ్లికర్ (చారలు ఆపే సెట్టింగ్) పెడితే చారలు పోయాయి. ఎరుపు రెండు ఫోన్లలోనూ అలాగే ఉంది, నా దాంట్లో కొంచెం తక్కువ కూడా. రాత్రి పదికి బ్యాటరీ 41. అంటే శనివారం నేను తిట్టిన వాటిలో నాలుగు తప్పే.

వేలిముద్ర మాత్రం ఒప్పు. సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వేలు మళ్లీ నమోదు చేసి చూశాను. మూడుసార్లు పెడితే ఒక్కసారి తెరుచుకుంటోంది. రోజుకు ఎన్నిసార్లు తెరుస్తామో మీకు తెలుసు. రేపు తిరిగి ఇచ్చేస్తున్నాను.

పాత_లెన్స్

తెర కింద ఆప్టికల్ సెన్సర్ అయి ఉంటుంది. అది వేలి మీద వెలుగు వేసి ఫోటో తీస్తుంది, చర్మం పొడిబారినా గీతల్లో నూనె నిండినా బొమ్మ సరిగా రాదు. అల్ట్రాసోనిక్ అయితే శబ్ద తరంగాలతో గీతల లోతు చూస్తుంది, తడిని కాస్త తట్టుకుంటుంది. తెర మీద వేరే కంపెనీ గ్లాస్ అతికించారా? అదే వేలిని రెండుసార్లు నమోదు చేయండి. ఇంత చిన్నదానికి మంచి కెమెరాను వదులుకుంటారా?

సగం_ఛార్జ్

గ్లాస్ అతికించాను. దానివల్ల కూడా అవుతుందా?

బ్యాటరీ_బాబాయ్

అవుతుంది. ఇప్పుడే పీకి చూడండి, రేపటి దాకా టైముంది.

నిమ్మతొక్క

పీకినా పనిచేయకపోతే ఇచ్చేయండి. పనిచేసినా, గ్లాస్ లేకుండా ఆ తెర ఎన్నాళ్లుంటుందో ఆలోచించుకోండి.

పక్కన_కూర్చున్నవాడు

పీకుతున్నాడు. మూలన ఇరుక్కుని రావడం లేదు. నా గోళ్లు అడుగుతున్నాడు.