ఔట్‌బాక్స్ పెట్టినా మెసేజ్‌లు వరుస తప్పుతున్నాయి
మా ఆర్డర్లు, స్టాక్ ఒకే అప్లికేషన్‌లో ఉండేవి. ఆరు నెలల క్రితం రెండు సర్వీసులుగా విడదీసి, దేనికి దానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇచ్చాం. మధ్యలో మెసేజ్‌లు చేరవేయడానికి కాఫ్కా ఉంది.

మొదట్లో ఆర్డర్ సేవ్ కాగానే నేరుగా కాఫ్కాకి పంపేవాళ్లం. ఆ క్షణంలో సర్వర్ ఆగిపోతే ఆర్డర్ మిగిలేది, మెసేజ్ పోయేది. రీట్రైలు పెట్టినా అంతే. దాంతో పంపాల్సిన మెసేజ్‌లు దాచే ఔట్‌బాక్స్ టేబుల్‌ని అదే డేటాబేస్‌లో పెట్టి, ఆర్డర్‌నీ మెసేజ్‌నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాస్తున్నాం. ఇప్పుడు ఏదీ పోవట్లేదు. డూప్లికేట్లు వస్తే మెసేజ్ ఐడీ చూసి వదిలేస్తున్నాం, దానితో గొడవ లేదు.

అసలు తలనొప్పి వరుసతో. ఔట్‌బాక్స్ నుంచి మెసేజ్‌లు తీసి కాఫ్కాకి పంపే ప్రోగ్రామ్ (పోలర్) రెండు సర్వర్లలో నడుస్తోంది. ప్రతి 5 సెకన్లకు 100 రికార్డులను 'ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్'తో (అంటే ఇంకో పోలర్ లాక్ చేసినవి వదిలేసి, మిగతావి లాక్ చేసి) తీసుకుంటుంది. లోడ్ పెరిగినప్పుడు ఒకే ఆర్డర్‌కి 'రద్దు' ముందు, 'కొత్త ఆర్డర్' తర్వాత చేరి స్టాక్ లెక్క తప్పుతోంది. ఒకే కీ ఉన్న మెసేజ్‌లను కాఫ్కా తనకి అందిన వరుసలోనే ఉంచుతుందని కీగా ఆర్డర్ ఐడీనే ఇచ్చాం, కానీ వరుస పంపేముందే చెడుతోంది కదా. ఒక్క పోలరే నడిపితే అంతా సవ్యంగా ఉంటుంది, కాకపోతే అది పడిపోతే ఎవరో ఒకరు లేచి చూసేదాకా పని ఆగినట్టే.

రెండు పోలర్లూ నడుస్తూనే, ఒకే ఆర్డర్‌కి చెందిన మెసేజ్‌లు వరుస తప్పకుండా వెళ్లాలంటే లాక్ ఎలా పెట్టాలి?