అడవిలో చేతి జీపీఎస్‌కు సిగ్నల్ అందడానికి ఇరవై నిమిషాలు పడుతోంది, ఏం చేయాలి?

ఏగిసపూలు:

అందరికీ నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నల్లమలలో బైర్లూటి వైపు, అటవీశాఖ అనుమతి ఇచ్చిన మేరకు, ఇరవై మీటర్ల చదరపు ప్లాట్లు గుర్తించి వాటిలోని చెట్లన్నిటినీ లెక్కిస్తున్నాం. ప్రతి ప్లాటుకూ నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయాలి. పని అక్కడే ఆగిపోతోంది.

మా విభాగంలో ఉన్నది పాత చేతి జీపీఎస్. బూడిదరంగు తెర, రెండు పెన్సిల్ సెల్లులు. నాలుగైదేళ్లు బీరువాలో పడి ఉంది. మార్చిలో వెళ్లినప్పుడు ఐదారు నిమిషాల్లో స్థానం చూపించేది. ఇప్పుడు ఇరవై నిమిషాలైనా ‘ఉపగ్రహాలను వెతుకుతోంది’ అనే మాటే. సమయం వృథా కాకూడదని దాన్ని మెడలో వేలాడదీసుకుని, ఆన్ చేసి నడుస్తాను. మధ్యమధ్య చూస్తే తెర మీద మూడు నాలుగు బోలుగీతలు కనిపిస్తాయి. ఒకటి నిండబోతుందనగా మాయమవుతుంది. ఛార్జి మిగలాలని ఒక ప్లాటు అయ్యాక ఆపేసి, తర్వాతి ప్లాటు దగ్గర మళ్లీ ఆన్ చేస్తున్నాను.

ఇంకొక వింత. మొన్న 2024 సెప్టెంబరు 29, ఆదివారం నాడు స్థానం దొరికాక చూస్తే తెర మీద తేదీ 2005 ఫిబ్రవరి 13 అని ఉంది.

ఆ రోజు నాలుగు ప్లాట్లు అనుకుంటే రెండే అయ్యాయి. మాకు దారి చూపే చెంచు తాత వారానికి రెండు రోజులే రాగలడు, చీకటి పడేలోపు అడవి దాటాలి. దయచేసి తెలిసినవారు చెప్పండి.

దక్కనుదారి:

తేదీ కూడా తప్పు చూపిస్తోందంటే లోపల ఏదో పాడైనట్లే. పైగా ఈ నెలలో అన్నీ మబ్బులే. దాన్ని పక్కన పెట్టి ఫోను వాడండి. నా ఫోను కర్నూలులో ఐదు సెకన్లలో చూపిస్తుంది.

గొలుసుకొలత:

అమ్మా, ఆ పరికరాన్ని పక్కన పెట్టకండి. గొలుసు, క్రాస్‌స్టాఫ్ (లంబకోణాలు చూసే కర్ర)లతో భూమి కొలిచే ఉద్యోగం మొదలుపెట్టి చేతి జీపీఎస్‌తో విరమించినవాణ్ని. మీరు రాసినదాన్ని బట్టి అది ఆరోగ్యంగానే ఉంది.

ముందు తేదీ సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు తేదీని మనలా చెప్పవు, వారాల లెక్క చెబుతాయి. 1980 జనవరి 6 నుంచి మొదలైన ఆ లెక్కకు పాత సంకేతంలో పది బిట్లే ఇచ్చారు. 1023వ వారం తర్వాత మళ్లీ సున్నా వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో రెండోసారి అలా జరిగింది. రెండోసారి తిరిగిన సంగతి మీ పరికరంలోని పాత సాఫ్ట్‌వేరుకు తెలియదు. 1024 వారాలంటే 7,168 రోజులు. సెప్టెంబరు 29 నుంచి అన్ని రోజులు వెనక్కి లెక్కపెట్టి చూశాను. సరిగ్గా 2005 ఫిబ్రవరి 13 వచ్చింది. అదీ ఆదివారమే. ఇంత కచ్చితంగా తప్పుతోందంటే లోపల లెక్క బాగా నడుస్తోందన్నమాట. మీరు చూసే అక్షాంశ రేఖాంశాలకు దీనివల్ల నష్టం లేదు. తేదీ మాత్రం మీ నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి. తయారీదారు కొత్త సాఫ్ట్‌వేరు ఇచ్చి ఉంటే వేయించండి.

ఇక ఆలస్యం. బోలుగీతలు వచ్చి పోతున్నాయన్నారు చూశారా, కారణమంతా అక్కడే ఉంది. బోలుగీత అంటే ఉపగ్రహం గొంతు వినిపించింది కాని, అది చెప్పే మాట పూర్తిగా అందలేదని. ఆ మాట సెకనుకు 50 బిట్ల చొప్పున, చాలా నెమ్మదిగా వస్తుంది. ఉపగ్రహం తాను ఎక్కడున్నదీ చెప్పడానికి 18 సెకన్లు పడుతుంది. అదే మాటను 30 సెకన్లకోసారి మళ్లీ చెబుతుంది. మీరు నడుస్తుంటారు, పదిహేనో సెకనులో ఒక నల్లమద్ది కొమ్మ అడ్డొస్తుంది, ఆ ముక్క పోతుంది. దాని కోసం తర్వాతి వంతు దాకా ఆగాలి. అప్పుడు ఇంకొక కొమ్మ. పైగా ఒక్క ఉపగ్రహం చాలదు. ఎత్తుతో సహా స్థానం తేలాలంటే నాలుగింటి మాటలు అందాలి. సమయం కలిసొస్తుందని మీరు నడుస్తున్నారు, ఆ నడకే సమయాన్ని తినేస్తోంది. ఆన్ చేశాక మొదటిసారి స్థానం దొరికేదాకా నిలబడండి. కదలవద్దు.

మబ్బులను నిందించకండి, ఈ సిగ్నల్‌కు అవి అడ్డం కావు. నీరు పట్టిన ఆకు అడ్డం. మార్చిలో నల్లమల ఆకు రాల్చి ఉంటుంది, ఇప్పుడు నిండుగా ఉంది. మనిషి ఒళ్లూ నీళ్లే కాబట్టి, మెడలో వేలాడే పరికరానికి మీ వెనకవైపు ఆకాశం సగం కనబడదు. పరికరం పైన పొట్టి కొమ్ములాంటి యాంటెన్నా ఉంటే నిటారుగా పట్టుకోండి. లేకపోతే తెర ఆకాశం వైపు ఉండేలా అరచేతిలో పరచి, ఒంటికి దూరంగా పట్టుకోండి.

నా మాట విని ఇలా చేయండి. అడవిలోకి దిగకముందే, చెట్లు లేని మైదానంలో దాన్ని ఒక బండ మీద పెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. ఏ ఉపగ్రహం ఎప్పుడు సుమారుగా ఎక్కడ ఉంటుందో చెప్పే పంచాంగం ఒకసారి పూర్తిగా రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఇన్నేళ్లు బీరువాలో ఉన్నదానికి అది కావాలి. రోజూ అంతసేపు అక్కరలేదు, తర్వాత నుంచి రెండు మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆపవద్దు, అదనంగా రెండు సెల్లులు సంచిలో వేసుకోండి.

దక్కనుదారి గారూ, మీ ఫోను ఐదు సెకన్లలో చూపించడానికి కారణం ఊళ్లోని టవరు. ఉపగ్రహాల వివరాలు నెట్ ద్వారా ముందే వచ్చేస్తాయి. టవరు లేని లోయలో ఆ ఫోను కూడా 50 బిట్ల మాటే వినాలి.

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం. ఇరవై మీటర్ల ప్లాటుకు నాలుగు మూలలూ చేతి జీపీఎస్‌తో తీయకండి. చెట్ల కింద దాని తప్పు పది మీటర్లు కూడా ఉండవచ్చు. మీ చదరం కాగితం మీద వంకర టింకరగా వస్తుంది. ఒక్క మూలలో ఐదు నిమిషాలు నిలబడి సగటు తీసుకోండి. మిగతా మూడు మూలలు టేపు, దిక్సూచితో వేయండి. పని తగ్గుతుంది, కొలత బాగుపడుతుంది.

ఉప్పాడగాలి:

సముద్రం మీద మాకు అడ్డేమీ ఉండదు, నిమిషంలోపే దొరుకుతుంది. అయినా మా పడవలోని పాత పరికరానికి ఒక సీజను మొత్తం మీలాగే ప్రతి ఉదయం ఆలస్యమయ్యేది. రాత్రి సెల్లులు తీసేస్తున్నారా అక్కా? ఇలాంటి పరికరాల లోపల సమయాన్ని గుర్తుంచుకునే చిన్న బ్యాటరీ ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకపోతే అది నీరసిస్తుంది. అప్పుడు సెల్లులు తీయగానే సమయం, స్థానం అన్నీ మరిచిపోయి మర్నాడు మొదటినుంచి వెతుక్కుంటుంది. మాకు జరిగింది అదే. సెల్లుల గూట్లో స్ప్రింగులకు పచ్చటి చిలుము పట్టిందేమో కూడా చూడండి. మా నాన్న గరుకు కాగితంతో రుద్దేవాడు.

ఏగిసపూలు:

గొలుసుకొలత గారికి, ఉప్పాడ తమ్ముడికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అవును, ఛార్జింగు కోసం రోజూ రాత్రి సెల్లులు తీసేస్తున్నాను. ఒక స్ప్రింగు మీద చిలుము కూడా ఉంది, రుద్ది శుభ్రం చేశాను. ఇప్పుడు రెండు జతలు పెట్టుకున్నాను. ఒక జత తీసిన వెంటనే రెండోది వేస్తున్నాను.

ఈ రోజు పొద్దున్న అడవి మొదట్లో, దారి పక్కన ఖాళీ స్థలంలో పరికరాన్ని రాతి మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. ఏడు గంటల రెండు నిమిషాలకు మొదటి బోలుగీత వచ్చింది. నాలుగో గీత నిండేసరికి ఏడూ ఆరు. అయినా లేవకుండా పదిహేను నిమిషాలూ ఉన్నాను. చెంచు తాత దాని మీద నీడ పడకుండా జరిగి కూర్చున్నాడు. అడవిలోకి వెళ్లాక దట్టమైన చోట రెండుసార్లు సిగ్నల్ పోయింది. ఆగి నిలబడితే నిమిషంలోపే తిరిగి వచ్చింది.

ఒక్క మూల జీపీఎస్‌తో, మూడు మూలలు టేపుతో వేశాం. మధ్యాహ్నం మూడింటికి ఐదు ప్లాట్లు అయ్యాయి. సార్, ఒక సందేహం మిగిలింది. ఏటవాలు నేల మీద టేపును నేల వెంట పరచాలా, మట్టంగా గాలిలో పట్టుకోవాలా?

గొలుసుకొలత:

మట్టంగానే పట్టాలమ్మా. ఏటవాలు ఎక్కువగా ఉంటే ఐదేసి మీటర్ల చొప్పున మెట్లుమెట్లుగా కొలవండి. దిగువన ఉన్న కొసను తాత చేతికి ఇచ్చి ఎత్తి పట్టుకోమనండి, అక్కడినుంచి నేలమీదికి దారానికి కట్టిన తూకపుగుండు వదలండి.