విజయనగరం చెరువుల్లో బాస్ చేప దొరుకుతుందా?

ప్రశ్న: విదేశీ వీడియోల్లో బాస్ వేట చూసి ముచ్చటపడి ఏడడుగుల రాడ్, రీలు కొన్నాను. రెండు ఆదివారాలు మా ఊరి చెరువు గట్టున కూర్చున్నా, దారం చిక్కుపడడం తప్ప ఏమీ జరగలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1: ఆ వీడియోల్లో కనిపించే లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప అండీ, దాని కోసం ఇక్కడ వెతకనక్కరలేదు. దానిలాగే కలుపు మాటున పొంచి ఉండి ఎర మీదికి దూకే కొర్రమీను మనకు ఉంది కనుక, మీ సామాను వృథా కాదు. రబ్బరు కప్పను తామరాకుల మీద వేసి, చిన్నగా కుదుపుతూ లాగండి. నీళ్లు భళ్లుమన్న క్షణంలోనే రాడ్ ఎత్తితే కప్ప ఒక్కటే తిరిగివస్తుంది (నాకు అలాగే ఎన్నిసార్లో!), ఒకటి, రెండు అని లెక్కపెట్టి, దారం బిగిశాకే లాగాలి. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కాబట్టి, తెల్లవారుజామున కదలకుండా నిలబడితే దాని చోటు తెలిసిపోతుంది.

జవాబు 2: మాది శ్రీకాకుళం. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సంఘాలకు లీజుకు ఇస్తారు. ముందు వారిని అడగండి. వానాకాలంలో ఎర్రని కొర్రమీను పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ గాలం వేయకండి, తల్లి చేప కాపలా ఉంటుంది. బాస్ అన్న పేరే కావాలంటే, ఏషియన్ సీ బాస్ అంటే మన పండుగప్పే. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వైపు ప్రయత్నించండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. దారం చిక్కు సంగతి?

జవాబు 1: రీలు అంచుదాకా చుట్టి ఉంటారు. రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి.